ఇంటింటి రసాయనం: కొలనులో ఘాటు వాసన వస్తే క్లోరిన్ ఎక్కువైనట్టేనా?

క్రిందటి సంచికలో ఇత్తడి బిందెకు చింతపండు పెట్టి తోమితే ఎందుకు తళతళలాడుతుందో వ్రాశాను. దానికి వచ్చిన ఉత్తరాల్లో హోసూరు సోదరి ఒకరు ఇత్తడి ఊసు ఎత్తకుండా వేరే ప్రశ్న వేశారు. వాళ్ళు కొత్తగా చేరిన అపార్టుమెంటులో ఈతకొలను ఉందిట. పిల్లలు దిగి వస్తే కళ్ళు ఎర్రబడి మండుతున్నాయిట. దగ్గరకు వెళితే ఆసుపత్రి వాసన. “క్లోరిన్ ఎక్కువ వేస్తున్నారు, తగ్గించమని కమిటీవాళ్ళకు చెప్పవచ్చునా?” అని అడిగారు.

అమ్మా, చెప్పకండి. తగ్గిస్తే ఇంకా పాడవుతుంది. ఎందుకో చెప్పే ముందు నేను చేసిన తప్పు ఒకటి ఒప్పుకోవాలి. ముప్పయి ఏళ్ళు పిల్లలకు రసాయనశాస్త్రం చెప్పిన నాకు, రిటైరయ్యాక సొంత ఇంటివాళ్ళ దగ్గర తగిలిన దెబ్బ అది.

మా అన్నయ్యకు మోకాళ్ళ ఆపరేషను అయ్యాక, నీళ్ళలో నడిస్తే మంచిదని డాక్టరుగారు చెప్పారు. మా మేనల్లుడు కనకపుర రోడ్డు వైపు ఇల్లు కట్టుకున్నాడు. తండ్రి కోసం పెరట్లో చిన్న కొలను కట్టించాడు. ఎనిమిది మీటర్ల పొడుగు, నాలుగు మీటర్ల వెడల్పు, ఛాతీలోతు నీళ్ళు. లెక్క కడితే 40,000 లీటర్లు. 2023 చివర్లో బోరు నీళ్ళతో నింపారు. అన్నయ్య రోజూ పొద్దున్నే గట్టు పట్టుకుని అరగంట నడిచేవాడు.

2024 ఫిబ్రవరిలో మేనల్లుడు ఫోను చేశాడు. “అత్తా, నీళ్ళు కొంచెం పచ్చగా తిరుగుతున్నాయి, ఏం చెయ్యాలి?” నేను ఇక్కడ కుక్కరు దింపుతూ, “పాచి పడుతోందిరా, రోజూ బ్లీచింగ్ పౌడరు వేయించు” అన్నాను. నీళ్ళ పీహెచ్ ఎంత అని అడగలేదు. బోరు నీళ్ళ కాఠిన్యం ఎంత అని అడగలేదు. నా క్లాసులో పిల్లవాడెవడైనా అలా జవాబు వ్రాసి ఉంటే సగం మార్కులు కోసేదాన్ని.

ఆ ఏడు ఉగాది ఏప్రిల్ 9న వచ్చింది. అందరం మేనల్లుడి ఇంట్లో చేరాం. పిల్లలకు తలంటు పోశారు. పచ్చడి నోట్లో వేసుకున్నారో లేదో, ఆ నూనె తలలతోనే కొలనులోకి దూకారు. నేను గట్టు దగ్గరకు వెళ్ళేసరికి నీళ్ళు బియ్యం కడిగిన కడుగులాగా ఉన్నాయి. నడుంలోతులో నిలబడ్డ పిల్లల పాదాలు కనబడడం లేదు. ముక్కు ముడుచుకునేంత వాసన. మా మనవరాలు కళ్ళు నలుపుకుంటూ పైకి వచ్చి, “అమ్మమ్మా, మిరపకాయ పడ్డట్టు మండుతోంది” అని ఏడుపు.

పిల్లలందరినీ ముందు బయటికి రప్పించాను. కళ్ళ మంట ఒక్కటే కాదు కారణం. అడుగు కనబడని నీళ్ళలో పిల్లవాడు మునిగితే గట్టుమీద ఉన్న పెద్దవాళ్ళకు తెలియదు. ఈ వ్యాసంలో మిగతాదంతా మరిచిపోయినా ఈ ఒక్క మాట గుర్తు పెట్టుకోండి. లోతు వైపు అడుగున ఒక రూపాయి బిళ్ళ వేసి చూడండి. గట్టుమీద నుంచి అది స్పష్టంగా కనబడకపోతే ఆ రోజు ఎవరూ దిగకూడదు.

చుట్టూ చేరినవాళ్ళు తలా ఒక మాట అన్నారు. అందరి మాటా ఒక్కటే: “క్లోరిన్ ఎక్కువైపోయింది.” మేనల్లుడు, “నీళ్ళన్నీ వదిలేసి టాంకర్లు పిలిపిస్తాను” అన్నాడు. అన్నయ్య కుర్చీలో కూర్చుని ఏమీ అనలేదు.

బెంగుళూరులో ఉన్నవాళ్ళకు ఆ వేసవి గుర్తుండే ఉంటుంది. బోర్లు ఎండిపోయి, వీధి వీధినా బిందెలు వరస కట్టాయి. ఆ మార్చిలోనే జలమండలి వారు ఈతకొలనులకు త్రాగునీరు వాడకూడదని ఉత్తర్వు ఇచ్చి, మీరితే 5,000 రూపాయలు జరిమానా అన్నారు. మన నగరాల్లో మనిషికి రోజుకు 135 లీటర్లు అని నీటి సరఫరాకు లెక్క వేస్తారు. ఆ లెక్కన 40,000 లీటర్లంటే నలుగురున్న ఇంటికి దాదాపు రెండున్నర నెలల నీళ్ళు. “ఒక గంట ఆగరా. వైద్యం చెయ్యకుండా రోగిని పారేస్తావా?” అన్నాను.

రిటైరయ్యాక కూడా మా కాలనీ బోరు నీళ్ళు పరీక్షించే అలవాటు నాకు పోలేదు. పరీక్ష పెట్టె సంచిలోనే ఉంటుంది. తోటపని చూసే పెద్దాయనే కొలను పనీ చూస్తాడు. పావగడ వైపువాడు, మన తెలుగే మాట్లాడతాడు. “నేను రోజూ చూస్తానే ఉండానమ్మా, పసుపు రంగు బాగానే వస్తాంది” అంటూ తన సీసా తెచ్చి చూపించాడు. పాతకాలపు పసుపు చుక్కల మందు అది. ఆయన పొరపాటు ఏమీ లేదు, చెప్పినట్టే చేశాడు. పొరపాటు ఆ మందులోనే ఉంది.

నీళ్ళలో క్లోరిన్ రెండు రకాలుగా ఉంటుంది. పనికి సిద్ధంగా ఉన్నది స్వేచ్ఛా క్లోరిన్. చెమట, మూత్రం లాంటి వాటిలోని నత్రజనితో కలిసి పని పూర్తయి అలసిపోయినది బంధిత క్లోరిన్. వీటినే క్లోరమీన్లు అంటారు. పసుపు చుక్కల మందు రెండింటినీ కలిపే చూపిస్తుంది. ఇంట్లో పదిమంది ఉన్నారని చెబుతుంది కాని, అందులో పనిచేసేవాళ్ళెందరో, మంచం పట్టినవాళ్ళెందరో చెప్పదన్న మాట. పైగా ఆ మందు ఒంటికి మంచిది కాదని ఇప్పుడు చాలాచోట్ల మానేశారు. డీపీడీ అనే గులాబీరంగు బిళ్ళలతో రెండూ విడివిడిగా తెలుస్తాయి. నేను చూస్తే మొత్తం క్లోరిన్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు. అందులో స్వేచ్ఛా క్లోరిన్ 0.5 మాత్రమే. మిగతా 1 అలసిపోయినదే.

కొలను దగ్గర వచ్చే ఆ ఘాటు వాసన, కళ్ళ మంట చాలా భాగం ఈ క్లోరమీన్లవే. సరిగ్గా ఉంచిన కొలనులో వాసన దాదాపు ఉండదు. హోసూరు సోదరి గారూ, మీ ప్రశ్నకు సగం జవాబు ఇది. వాసన గుప్పుమంటే క్లోరిన్ ఎక్కువైందని కాదు, చాలడం లేదని అర్థం.

మిగతా సగం జవాబు పీహెచ్‌లో ఉంది. నీరు పులుపు వైపు ఉందా, క్షారం వైపు ఉందా అని చెప్పే కొలత అది. డెన్మార్కు శాస్త్రవేత్త సోరెన్‌సెన్ 1909లో ప్రవేశపెట్టాడు. 7 అంటే మధ్యస్థం. అంతకు తగ్గితే పులుపు, పెరిగితే క్షారం. మన కన్నీళ్ళ పీహెచ్ 7.4 ప్రాంతంలో ఉంటుంది. అందుకే కొలనులో 7.2కూ 7.8కీ మధ్య ఉంచమంటారు. నేను ఎర్రమందు చుక్కలు వేసి చూస్తే రంగు ముదిరి, కొలబద్దలో ఆఖరి గడి 8.2 కూడా దాటింది.

పీహెచ్ పెరిగితే కళ్ళకు కష్టం. అంతకన్నా పెద్ద కష్టం క్లోరిన్‌కు. స్వేచ్ఛా క్లోరిన్‌లో కూడా క్రిములను వెంటనే చంపే భాగం ఒకటి, మందకొడి భాగం ఒకటి ఉంటాయి. పీహెచ్ 7.5 దగ్గర అవి సగం సగం. 8కి వెళితే చురుకైన భాగం నాలుగో వంతుకు పడిపోతుంది. 8.5కి వెళితే పదో వంతే. అంటే మా వాళ్ళు డబ్బు పెట్టి పౌడరు పోస్తున్నారు, నీళ్ళు దాన్ని నిద్రపుచ్చుతున్నాయి.

అంత పీహెచ్ ఎలా వచ్చింది? నా సలహా వల్లనే. బ్లీచింగ్ పౌడరు స్వయంగా క్షారం, పైగా అందులో సున్నం ఉంటుంది. బోరు నీళ్ళు ముందే కఠినం. చుక్కలు లెక్కపెట్టి చూస్తే కాఠిన్యం 450 వచ్చింది. కొలనుకు 200 నుంచి 400 వరకు చాలు. ఎండకు నీళ్ళు ఆవిరవుతుంటే మళ్ళీ బోరు నీళ్ళే పోశారు. ఆవిరయ్యేది నీరే, సున్నం అడుగునే మిగులుతుంది. రసం మరిగేకొద్దీ ఉప్పెక్కినట్టు, నెలనెలా కాఠిన్యం ఎక్కుతుంది. పీహెచ్ కూడా పెరిగేసరికి కరిగి ఉన్న సున్నం విరిగి, సన్నని తెల్లపొడిగా నీళ్ళంతా తేలింది. గీజరు కడ్డీకి తెల్లగా పేరుకునేది అదే.

మా నాయనమ్మది హిందూపురం వైపు. వాగు నీళ్ళు బురదగా వస్తే కుండలో చిల్లగింజ అరగదీసి వేసేది. తెల్లారేసరికి నీళ్ళు తేరుకునేవి. ఉగాది నాడు ఎవరో పటిక వేద్దామన్నారు. బురద అయితే పేరుకుని అడుగుకు దిగుతుంది. ఈ తెలుపు బురద కాదు. ఇవాళ దించినా పీహెచ్ అలాగే ఉంటే రేపు మళ్ళీ పుడుతుంది. దీనికి మందు పులుపే.

ఇంకొక కొలత చూడవలసి ఉంది. దాన్ని మొత్తం క్షారత అంటారు. బండి చక్రం కింద పెట్టే అడ్డురాయి లాంటిది. రాయి మరీ చిన్నదైతే పీహెచ్ ఇష్టం వచ్చినట్టు అటూ ఇటూ దొర్లుతుంది. మరీ పెద్దదైతే మనం దించినా దిగదు, దిగినా మళ్ళీ ఎక్కుతుంది. లీటరుకు 80 నుంచి 120 మిల్లీగ్రాములుంటే సరి. మా వాళ్ళ కొలనులో 180 ఉంది.

కనుక వైద్యం వరస ఇది: ముందు పీహెచ్, క్షారత. తరువాతే క్లోరిన్. ఈ వరస తప్పడమే ఫిబ్రవరిలో నేను చేసిన నేరం.

మర్నాడు సుమారు 33 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లం తెప్పించాం. ఆ నీళ్ళకు పీహెచ్ 7.5కు దిగడానికి లీటరుకు కాస్త తక్కువ చాలునని లెక్క కట్టాను. ఒక్కసారిగా కాదు, ముందు అర లీటరు. నేను కాగితం మీద లెక్క సరిచూసుకుంటుండగా, పెద్దాయన ఆమ్లం కొలవడానికి మగ్గు తెచ్చుకున్నాడు. అడుగున తెల్లని పొడి అంటుకుని ఉంది. రోజూ బ్లీచింగ్ పౌడరు కొలిచే మగ్గే అది. నేను అరిచేలోగా కొంచెం ఆమ్లం పోశాడు. బుసబుసమని పొంగి ఘాటైన గాలి లేచింది. అది క్లోరిన్ వాయువు. మగ్గు వదిలేసి వెనక్కి పడ్డాడు. గాలి వీచే వైపుకు లాక్కువెళ్ళి కూర్చోబెట్టాం, డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళాం. చిటికెడు పొడి కాబట్టి సరిపోయింది. సాయంత్రం వరకు దగ్గుతూనే ఉన్నాడు. నాలుగు నెలలుగా ఆ మనిషి చేతులకు తొడుగు లేదు, కళ్ళకు అద్దాలు లేవు. ఏది దేనితో కలపకూడదో ఒక్కరూ చెప్పలేదు. ఫోనులో “వేయించు” అన్నానే కాని, వేసేది ఎవరో నేనూ అడగలేదు. ఆయన దగ్గు వినబడుతున్నంతసేపూ నాకు అన్నం సయించలేదు.

అందుకే ఈ నాలుగు మాటలు పెద్ద అక్షరాలతో వ్రాసి పంపు గది తలుపుకు అంటించాం. మీరూ అంటించండి.

ఒకటి, ఆమ్లం, బ్లీచింగ్ ఎప్పుడూ కలవకూడదు. మగ్గులు వేరు, అరలు వేరు, వేసే పూటలు వేరు. రెండు, ఆమ్లాన్ని బకెట్టు నిండా ఉన్న నీళ్ళలో పోయాలి, ఆమ్లం మీద నీళ్ళు పోయకూడదు. మూడు, కొలనుల కోసం అమ్మే క్లోరిన్ బిళ్ళల్ని బ్లీచింగ్ పౌడరుతో కలిపితే నిప్పు పుట్టవచ్చు, పేలవచ్చు కూడా. ఒకదానిలో వాడిన చెంచా రెండో దానిలో పెట్టకూడదు. నాలుగు, తొడుగులు, కళ్ళద్దాలు లేకుండా ఎవరూ డబ్బా మూత తీయకూడదు.

ఇక కొలను సంగతి. పంపు నడుస్తుండగా పలుచన చేసిన అర లీటరు ఆమ్లం లోతు వైపు మెల్లగా పోశాం. ఆరు గంటలాగి పరీక్షించి, ఇంకొంత. మర్నాటికి పీహెచ్ 7.5కు వచ్చింది. రెండు రోజుల్లో మళ్ళీ పైకి పాకింది, మళ్ళీ దించాం. క్షారత ఎక్కువున్న నీళ్ళు అలాగే చేస్తాయి, గాబరా పడకూడదు. దించిన ప్రతిసారీ అడ్డురాయి కొంచెం అరుగుతుంది. వారం పైన ఒక రోజుకు మొత్తం నాలుగున్నర లీటర్ల ఆమ్లం పట్టింది, క్షారత 120కి వచ్చింది. తెలుపు కొంత కరిగింది, మిగతాది ఫిల్టరు పట్టింది. రోజూ ఫిల్టరును ఎదురు నీటితో కడిగి, ఆ నీళ్ళు పక్కనున్న ఖాళీ మట్టిలోకి వదిలాం.

తరువాత క్లోరిన్ వంతు. అలసిపోయిన క్లోరిన్‌ను విడగొట్టాలంటే దానికి పదింతలు కొత్త క్లోరిన్ ఒకేసారి పడాలి. అరకొరగా వేస్తే క్లోరమీన్లు ఇంకా పెరుగుతాయి. లీటరుకు 1 మిల్లీగ్రాము ఉంది కనుక 10 కావాలి. 40,000 లీటర్లకు 400 గ్రాములు. ఇంకా సున్నం చేరకూడదని పౌడరు మానేసి, 10 శాతం సోడియం హైపోక్లోరైట్ ద్రవం నాలుగు లీటర్లు తెప్పించాం. పొద్దు గూకాక పోశాం. ఎండ క్లోరిన్‌ను తినేస్తుంది. కాపు లేని క్లోరిన్ మిట్టమధ్యాహ్నం రెండు మూడు గంటల్లో చాలావరకు హరించుకుపోతుంది. స్వేచ్ఛా క్లోరిన్ 3కు దిగేవరకు ఎవరినీ దిగనివ్వలేదు. అప్పటికి బంధిత క్లోరిన్ లెక్కకు అందనంత తగ్గింది, వాసన పోయింది.

బిళ్ళల సంగతి కూడా చెప్పాలి. మార్కెట్టులో ఎక్కువగా దొరికే క్లోరిన్ బిళ్ళల్లో సయనూరిక్ ఆమ్లం ఉంటుంది. అది ఎండకు గొడుగు పట్టి క్లోరిన్‌ను కాపాడుతుంది. 30 నుంచి 50 వరకు ఉంటే మేలే. కాని క్లోరిన్ ఖర్చయినా గొడుగు ఖర్చు కాదు, పేరుకుంటూ పోతుంది. 100 దాటితే క్లోరిన్ ఉండీ లేనట్టే. ఆ బిళ్ళలు నీళ్ళను పులుపు వైపు కూడా లాగుతాయి. ఏడాది పొడుగునా అవే వాడేవాళ్ళు ఈ కొలత కూడా చూపించుకోవాలి.

మన సంఘంవారు అన్ని ఊళ్ళలోనూ ఉన్నారు, అన్ని ఊళ్ళ నీళ్ళూ ఒకటి కావు. ముంబయివారి చెరువుల నీరు మెత్తన. అక్కడ సమస్య తిరగబడుతుంది. క్షారత తక్కువైతే పీహెచ్ నిలవదు. సున్నం చాలని నీరు దాన్ని కొలను గోడల సిమెంటు నుంచి, పలకల సందుల నుంచి లాక్కుంటుంది. అక్కడ వేయవలసింది ఆమ్లం కాదు, వంటసోడా. 1,000 లీటర్లకు 17 గ్రాములు వేస్తే క్షారత సుమారు 10 పెరుగుతుంది. పక్క ఊరివారి మందు చీటీ మీ కొలనుకు పనికిరాదనడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కరలేదు.

హోసూరు సోదరి గారూ, మీ కమిటీవారిని మూడు ప్రశ్నలు అడగండి. పీహెచ్ ఎంత? స్వేచ్ఛా క్లోరిన్ ఎంత, మొత్తం ఎంత? రోజూ వ్రాసే పుస్తకం ఉందా? మొదటిది 7.2 నుంచి 7.8. రెండోది 1 నుంచి 3, బిళ్ళలు వాడితే 2కు తగ్గకూడదు, మొత్తానికీ దానికీ తేడా దాదాపు ఉండకూడదు. మూడోది లేదంటే మిగతా రెండు జవాబులూ నమ్మవద్దు. పిల్లలను దిగే ముందు ఒళ్ళు కడుక్కుని, మూత్రానికి వెళ్ళి రమ్మనండి. తలంటు నూనె వదిలించాకే దిగనివ్వండి. అంతమేర క్లోరిన్ మిగులుతుంది.

మా మేనల్లుడు నీళ్ళు పారబోయలేదు. ఎండ పడకుండా కొలను మీద పట్టా కప్పాడు. వానాకాలంలో డాబా మీది వాన నీళ్ళు పట్టి, ఆవిరైనంత మేరకు అవే పోశాడు. వాన నీటిలో కాఠిన్యం దాదాపు సున్నా. పెద్దాయన ఇప్పుడు తొడుగులు వేసుకుని, గులాబీరంగు బిళ్ళ కరిగించి, అంకెలు తనే పుస్తకంలో వ్రాస్తాడు. ఈమధ్య నేను ఫోను చేసి నీళ్ళ సంగతి అడిగితే మేనల్లుడికి తెలియలేదు, ఆయనకిచ్చాడు. “ఏడున్నర ఉందమ్మా. ఇంతకీ మీరు పీహెచ్ అడగతారా లేదా అని చూస్తాండా” అన్నాడు.

అన్నయ్య రోజూ అరగంట నడుస్తున్నాడు. రూపాయి బిళ్ళ ఇంకా అడుగునే ఉంది. మనవరాలు వెళ్ళినప్పుడల్లా మునిగి, కళ్ళు తెరిచి, బొమ్మా బొరుసా చూసి వస్తుంది.

వచ్చే సంచికలో గీజరు కడ్డీకి పట్టే పొర గురించి, దాన్ని ఇంట్లో వదిలించే తీరు గురించి ముచ్చటించుకుందాం. మీ ఊరి నీళ్ళ కబుర్లు వ్రాస్తూ ఉండండి. అంతవరకు సెలవు.